మీ నేల ఎరువును ఎంత పట్టి ఉంచగలదు? అంచనా వేయడం, దానికి తగ్గట్టు మోతాదు విడగొట్టడం ఎలా

పదే పదే వచ్చే ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి: "భూసార పరీక్ష రిపోర్టులో సీఈసీ అని ఒక అంకె ఇచ్చారు, దానితో నేనేం చేయాలి?" రెండోది: "రెండు మడులకూ ఒకే ఎరువు, ఒకే మోతాదు వేశాను. ఒక మడిలో ఆకు నిగనిగలాడుతోంది, పక్క మడిలో మూడు వారాలకే పాలిపోయింది. ఎందుకు?" రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. మట్టిలోని బంకమట్టి రేణువులు, మాగిన సేంద్రియ పదార్థం కలిసి ఎంత పోషకాన్ని పట్టి ఉంచగలవో తెలిస్తే ఎరువును ఎన్ని దఫాలుగా వేయాలో, సున్నం, జిప్సం ఎంత కావాలో చాలావరకు తేలిపోతుంది.

సిద్ధాంతం ఇంతవరకే చాలు. బంకమట్టి రేణువుల ఉపరితలం మీద, హ్యూమస్ (మాగిన సేంద్రియ పదార్థం) మీద ఋణావేశం ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, అమ్మోనియం, సోడియం ధనావేశంతో ఉంటాయి కాబట్టి అక్కడ అంటుకుని ఉంటాయి. మట్టినీళ్లలోకి మరో ధన అయాన్ (ధనావేశం ఉన్న కణం) వస్తే, ఆవేశానికి ఆవేశం లెక్కన పాతది దిగి కొత్తది ఎక్కుతుంది. వేరు కూడా ఇదే పని చేస్తుంది: హైడ్రోజన్ అయాన్‌ను వదిలి పొటాషియాన్నో కాల్షియాన్నో తీసుకుంటుంది. ఇంగ్లండ్‌లో రసాయన శాస్త్రవేత్త జాన్ థామస్ వే 1850లో ప్రచురించిన ప్రయోగాల్లో, అమ్మోనియం లవణం కలిపిన నీటిని మట్టి గుండా పంపితే అమ్మోనియం మట్టిలో నిలిచిపోయి, బదులుగా కాల్షియం బయటికి వచ్చింది. మీరు అమ్మోనియం సల్ఫేట్ వేసిన ప్రతిసారీ మీ మడిలోనూ అదే జరుగుతుంది.

ఈ మార్పిడికి ఎంత చోటుందో చెప్పే అంకే ధన అయాన్ల మార్పిడి సామర్థ్యం, అంటే సీఈసీ. దాన్ని కిలో మట్టికి సెంటీమోల్ (పట్టి ఉంచగల ఆవేశాన్ని లెక్కించే కొలమానం) లెక్కన ఇస్తారు. పాత రిపోర్టుల్లో 100 గ్రాములకు మిల్లీ ఈక్వివలెంట్లు అని ఉంటుంది. రెండూ ఒకే అంకె, మార్చనక్కర్లేదు.

నైట్రేట్, క్లోరైడ్ ఋణావేశంతో ఉంటాయి. వాటిని ఈ చోట్లు పట్టుకోవు, నీళ్లతో పాటు కిందికి దిగిపోతాయి. భాస్వరం దారి వేరు: అది ఇనుము, అల్యూమినియం, కాల్షియంతో గట్టిగా బిగుసుకుంటుంది. దాన్ని సీఈసీతో లెక్కగట్టకండి.

కావలసినవి

- పార, ప్లాస్టిక్ బకెట్ (జింక్ పూత ఉన్న ఇనుప బకెట్ వద్దు, రిపోర్టులో జింక్ అంకె తప్పుగా వస్తుంది)
- 2 మిల్లీమీటర్ల జల్లెడ
- లీటరు పట్టే, పక్కలు నిటారుగా ఉన్న గాజు సీసా, గట్టి మూతతో
- సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ 5 గ్రాములు. దొరక్కపోతే నురుగు రాని డిష్‌వాషర్ పొడి ఒక టీస్పూను
- స్కేలు, మార్కర్, గడియారం
- వాన నీరు లేదా డిస్టిల్డ్ వాటర్ అర లీటరు
- వెనిగర్ కొద్దిగా
- (ఐచ్ఛికం) ఒక శాతం మిథిలీన్ బ్లూ ద్రావణం, చేతి తొడుగులు, ఒక గ్రాము తేడా కూడా చూపించే త్రాసు

1. మట్టి నమూనా తీయడం

పొలంలోనైనా పెరటి మడిలోనైనా వంకరటింకరగా నడుస్తూ 10–15 చోట్ల తీయండి. పైనున్న ఆకులు, చెత్త పక్కకు తోసి, పారతో 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, దాని పక్క గోడ నుంచి పైనుంచి కింది దాకా ఒకే మందంలో మట్టి చెక్కండి. గట్ల మీద, పెంటకుప్ప వేసిన చోట, చెట్టు కింద, ఈ మధ్యే ఎరువు పడిన చాలులో తీయకండి. అంతా బకెట్లో కలిపి, చదరంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పారేయండి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టి, గడ్డలు చిదిపి జల్లించండి.

ఒకే పొలంలో ఎర్రమట్టి ఒక పక్క, నల్లమట్టి ఒక పక్క ఉంటే రెండింటినీ కలపకండి. ఆ సగటు అంకె రెండు పక్కలకూ పనికిరాదు.

2. వేళ్ల మధ్య పట్టీ లాగి చూడడం

గుప్పెడు మట్టిని కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ రెండు నిమిషాలు పిసికి ముద్ద చేయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా పైకి జరపండి. దాని బరువుకి అదే తెగే లోపు ఎంత పొడవు వచ్చిందో కొలవండి.

పట్టీ అసలు రాకపోతే ఇసుకనేల, బంకమట్టి సుమారు 15 శాతం లోపే. 2.5 సెంటీమీటర్ల లోపు తెగితే 27 శాతానికి తక్కువ. 2.5 నుంచి 5 వరకు వస్తే 27–40 శాతం. 5 దాటితే 40 శాతానికి పైనే.

ఇక్కడ ఎక్కువమంది తొందరపడేది పిసకడంలో. బంకమట్టి ఎక్కువున్న నేలలో చిన్న చిన్న గట్టి గుళికలు ఉంటాయి. అవి విడిపోయేదాకా పిసకకపోతే వేళ్లకు ఇసుకలా తగిలి మోసం చేస్తాయి. ముద్ద బిరుసుగా ఉంటే ఇంకో నాలుగు చుక్కలు వేసి మళ్లీ పిసకండి. నీళ్లు ఎక్కువై జారిపోతుంటే పొడిమట్టి కలపండి.

3. సీసా పరీక్ష

సీసాలో మూడో వంతు జల్లించిన మట్టి పోయండి. హెక్సామెటాఫాస్ఫేట్ వేసి, మెడ దాకా నీళ్లు పోసి, మూత బిగించి పది నిమిషాలు బాగా ఊపండి. ఒక రాత్రి నానబెట్టి పొద్దున్న మళ్లీ ఊపితే ఇంకా మంచిది. చదునైన చోట పెట్టి కదపకండి.

- ఒక నిమిషానికి అడుగున దిగింది ఇసుక. అక్కడ గీత పెట్టండి.
- 2 గంటలకు రెండో గీత. అప్పటికి ఒండ్రులో (ఇసుకకన్నా సన్నని, బంకమట్టికన్నా ముతక రేణువులు) చాలా భాగం దిగి ఉంటుంది.
- నీరు తేటపడ్డాక మూడో గీత. ఇది బంకమట్టి. 24 గంటలు పట్టొచ్చు, 48 గంటలూ పట్టొచ్చు.

మొత్తం 8 సెంటీమీటర్లు, అందులో ఇసుక 4.4, ఒండ్రు 1.6, బంకమట్టి 2 అనుకుందాం. అంటే 55, 20, 25 శాతాలు.

ఆ పొడి ఎందుకు వేస్తున్నామో తెలిస్తే పొరపాటు జరగదు. కాల్షియం పట్టుకున్న బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని గుంపులుగా దిగిపోతాయి. పొడిలోని సోడియం కాల్షియం స్థానంలోకి ఎక్కగానే రేణువులు విడిపోయి నీళ్లలో తేలతాయి. ఈ గైడు మొత్తానికి మూలమైన మార్పిడే ఇది, మీ కళ్లముందు జరుగుతోంది. అందుకే పొడి వేయకుండా చేసిన పరీక్షలో బంకమట్టి తక్కువగా, ఒండ్రు ఎక్కువగా కనిపిస్తుంది.

గంటలోపే నీరు తేటపడిపోయిందా? నేల ఇసుకదై ఉండాలి, లేదా సున్నం ఎక్కువై రేణువులు గుంపుకట్టి ఉండాలి. పైపొరను దగ్గరగా చూడండి: దూదిపింజల్లా ఉంటే రెండోదే. పొడి మోతాదు రెట్టింపు చేసి మళ్లీ ఊపండి. ఇంకో సంగతి: బంకమట్టి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. సీసాలో కొలిచేది ఎత్తు కాబట్టి అసలు బరువు శాతం కన్నా కొంచెం ఎక్కువే చూపిస్తుంది. పట్టీ పరీక్ష ఒక మాట, సీసా మరో మాట చెబితే పట్టీ వైపు మొగ్గండి.

4. సీఈసీ అంచనా కట్టడం

దీనికి సేంద్రియ పదార్థం శాతం కూడా కావాలి. అది ఇంట్లో తేలదు. మామూలు భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం ఇస్తారు, దాన్ని 1.724తో గుణిస్తే సేంద్రియ పదార్థం వస్తుంది. కర్బనం అంకెనే నేరుగా లెక్కలో పెట్టేసి సేంద్రియ పదార్థాన్ని దాదాపు 40 శాతం తక్కువ చూపించుకునేవారు చాలామంది.

బంకమట్టి అన్నీ ఒకటి కావు. ఈ లెక్కలో అసలు కీలకం అదే. బంకమట్టి రకాలను విడిగా చూస్తే కిలోకు సెంటీమోల్ లెక్కన కెయోలినైట్ సామర్థ్యం 3–15, ఇల్లైట్ 20–40, మాంట్‌మొరిల్లనైట్ 80–120. హ్యూమస్ 200, అంతకు పైన. కాబట్టి సుమారు లెక్క ఇలా ఉంటుంది:

సీఈసీ = (బంకమట్టి శాతం × రకం గుణకం) + (సేంద్రియ పదార్థం శాతం × 2)

రకం గుణకం: బాగా అరిగిపోయిన, తడిసినా ఉబ్బని ఎర్రనేలకు 0.1. మధ్యరకం నేలకు 0.3. ఎండితే లోతుగా నెర్రెలు బారి, తడిస్తే ఉబ్బి కాలికి అంటుకునే నల్లరేగడికి 0.8.

మన ఉదాహరణలో బంకమట్టి 25 శాతం, కర్బనం 0.6 శాతం, అంటే సేంద్రియ పదార్థం దాదాపు 1 శాతం. అదే 25 శాతం బంకమట్టి ఎర్రనేలలో అయితే 2.5 + 2 = 4.5. మధ్యరకంలో 7.5 + 2 = 9.5. నల్లరేగడిలో 20 + 2 = 22. సీసాలో మూడూ ఒకేలా కనిపిస్తాయి, పోషకం పట్టే శక్తిలో మాత్రం అయిదు రెట్ల తేడా. ఎర్రనేలలో దాదాపు సగం సామర్థ్యం ఆ ఒక్క శాతం సేంద్రియ పదార్థం నుంచే వస్తోంది. అక్కడ చెత్త తగలబెట్టడం, ఎండలో పదే పదే దున్నడం ఎంత నష్టమో ఈ లెక్కలోనే ఉంది.

ఇది అంచనా మాత్రమే. అంచనా 8 వస్తే అసలు విలువ 6 కావచ్చు, 11 కావచ్చు. మోతాదు విడగొట్టడానికి ఇంత చాలు. సున్నం, జిప్సం టన్నుల్లో వేసే ముందు మాత్రం ప్రయోగశాల అంకె కావాలి.

5. రంగు పరీక్ష (ఐచ్ఛికం)

మీ దగ్గరున్న రెండు మూడు నేలలను పోల్చడానికి ఇది బాగుంటుంది. మిథిలీన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు కాబట్టి మట్టి దాన్ని పోషకంలాగే పట్టుకుంటుంది.

ఒక శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లకు నీళ్లు కలిపి 100 మిల్లీలీటర్లు చేయండి. అందులో ఎండిన, జల్లించిన మట్టి 5 గ్రాములు వేసి పది నిమిషాలు ఊపి, రాత్రంతా కదపకుండా ఉంచండి. మట్టి లేకుండా ఒక సీసా, కడిగిన ఇసుక 5 గ్రాములతో ఒక సీసా పక్కన పెట్టండి, పోల్చడానికి. పొద్దున్న పైనున్న నీటి రంగు చూడండి. ఇసుక సీసా ముదురు నీలంగానే ఉంటుంది. సామర్థ్యం బాగున్న నేలలో నీరు తేటగానో లేత నీలంగానో మారుతుంది. ఈ పాళ్లలో సీఈసీ 6కు బాగా తక్కువున్న నేల రంగంతా పట్టుకోలేదు.

దీన్నుంచి సీఈసీ అంకె తీయాలని చూడకండి. 10 గ్రాముల మట్టి వేస్తే సీఈసీ 4.5 ఉన్న ఎర్రనేల కూడా నల్లరేగడిలాగే తేటపడుతుంది, తేడా తెలియదు, కాబట్టి తూకం కచ్చితంగా ఉండాలి. తొడుగులు లేకుండా ముట్టుకుంటే చేతుల రంగు రోజుల తరబడి పోదు. మిగిలింది చెరువులోనో కాలువలోనో పోయకండి.

6. గడ్డ పరీక్ష: సోడియం పెత్తనం ఉందా?

చోట్లు ఎన్ని ఉన్నాయన్నది ఒకటి, వాటిలో ఎవరు కూర్చున్నారన్నది ఇంకొకటి. జల్లించక ముందు తీసిపెట్టిన, గాలికి ఆరిన 3–5 మిల్లీమీటర్ల మట్టిగడ్డలు మూడు తీసుకోండి. వెడల్పాటి గిన్నెలో వాన నీరు పోసి మెల్లగా దింపండి. కలపకండి. 10 నిమిషాలకు, 2 గంటలకు, మర్నాడు చూడండి.

గడ్డ కూలిపోయి చిన్న ముక్కలైనా చుట్టూ నీరు తేటగా ఉంటే సేంద్రియ పదార్థం తక్కువని అర్థం, సోడియం గొడవ లేదు. గడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే సోడియం ఎక్కువుందని అనుమానించాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేసి జిప్సం కొనేస్తుంటారు. కూలడానికి విరుగుడు సేంద్రియ ఎరువు, మబ్బుకు విరుగుడు జిప్సం.

బోరు నీటితో ఈ పరీక్ష చేయకండి. అందులోని లవణాలు మబ్బును అణిచేసి, చౌడునేలను మంచినేలగా చూపిస్తాయి.

7. రిపోర్టు లెక్క సరిచూడడం

రిపోర్టులో ఒక్కో పోషకం పీపీఎం లేదా కిలోకు మిల్లీగ్రాముల్లో ఉంటే సెంటీమోళ్లలోకి ఇలా మార్చండి:

- కాల్షియం ÷ 200
- మెగ్నీషియం ÷ 120
- పొటాషియం ÷ 390
- సోడియం ÷ 230

ఉదాహరణ: కాల్షియం 1200, మెగ్నీషియం 240, పొటాషియం 156, సోడియం 46. మారిస్తే 6, 2, 0.4, 0.2. మొత్తం 8.6 (కొన్ని రిపోర్టుల్లో సీఈసీని ఇలా కూడే తీస్తారు). ఇందులో కాల్షియం వాటా 70 శాతం, మెగ్నీషియం 23, పొటాషియం 5కు కాస్త తక్కువ, సోడియం 2 శాతం పైచిలుకు.

హెక్టారుకు కిలోల్లో ఇస్తే 2తో భాగిస్తే పీపీఎం వస్తుంది. కొన్ని ప్రయోగశాలలు 2.24 వాడతాయి, అడిగి తెలుసుకోండి. పొటాష్‌ను ఆక్సైడ్ రూపంలో ఇస్తే 0.83తో గుణిస్తే పొటాషియం వస్తుంది.

ఇక్కడ మూడు ఉచ్చులున్నాయి.

మొదటిది సున్నం నేల. చెంచాడు మట్టి మీద వెనిగర్ చుక్కలు వేయండి. బుడబుడ పొంగితే మట్టిలో సున్నం ఉంది. పరీక్షకు వాడే ద్రావణం ఆ సున్నాన్ని కూడా కరిగించేస్తుంది, కాల్షియం అంకె ఉబ్బుతుంది. అలాంటి నేలలో పోషకాలను కూడి తీసిన సీఈసీని నమ్మకండి, నేరుగా కొలిచింది అడగండి.

రెండోది ఆమ్లనేల. కెయోలినైట్ మీద, హ్యూమస్ మీద ఉన్న ఆవేశం ఉదజని సూచికతో (పీహెచ్) పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. సాధారణంగా వాడే అమ్మోనియం అసిటేట్ పద్ధతి సూచిక 7 దగ్గర కొలుస్తుంది. మీ నేల సూచిక 5 అయితే పొలంలో నిజంగా పనిచేసే సామర్థ్యం రిపోర్టులో ఉన్నదానికన్నా తక్కువ.

మూడోది అన్నిటికన్నా ఎక్కువ జరిగేది: సీఈసీ 10 అంటే పది చోట్లు ఖాళీగా ఉన్నాయనుకోవడం. చోట్లు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. మీరు వేసిన పొటాష్ ఎక్కాలంటే కాల్షియమో మెగ్నీషియమో దిగాలి. దిగింది నీళ్లతో కిందికి పోవచ్చు. పిడికెడు పొటాష్ వేయాల్సిన చోట నాలుగు పిడికెళ్లు వేస్తే కొన్ని వారాలకు ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు తిరగడం అందుకే. అది మెగ్నీషియం లోపం. దానికి మళ్లీ పొటాష్ వేస్తే ఇంకా ముదురుతుంది.

కాల్షియం ఇంత శాతం, మెగ్నీషియం ఇంత శాతం ఉండి తీరాలనే 'ఆదర్శ నిష్పత్తి' పట్టికల కోసం డబ్బు ఖర్చు పెట్టకండి. ఒక్కో పోషకం పంటకు సరిపడా ఉందా లేదా అన్నదే చూడండి. నిష్పత్తి చాలా విస్తారమైన పరిధిలో మారినా పంట బాగానే వస్తుంది. నిష్పత్తి నిజంగా ముఖ్యమయ్యేది సోడియం విషయంలోనే.

8. మోతాదు విడగొట్టడం

సీజన్ మొత్తానికి పంటకు సిఫారసు చేసిన మోతాదు మార్చకండి. మార్చేది దఫాల సంఖ్య.

సీఈసీ 5 లోపు: నత్రజని నాలుగు నుంచి ఆరు చిన్న దఫాలు. పొటాష్ రెండు మూడు దఫాలు, దుక్కిలో అంతా వేయొద్దు. తడులు పలచగా, తరచుగా. ఎరువు వేసిన వెంటనే భారీ తడి ఇస్తే వేసింది వేళ్ల కిందికి దిగిపోతుంది.

5 నుంచి 15: నత్రజని మూడు దఫాలు, పొటాష్ రెండు.

15 పైన: పొటాష్ ఒకేసారి దుక్కిలో వేయొచ్చు, నత్రజని రెండు మూడు దఫాలు చాలు. ఈ నేలల్లో నష్టం వేరే దారిలో వస్తుంది. నీరు నిలిస్తే నైట్రేట్ వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది, కాబట్టి మురుగు కాలువ బాగుందో లేదో ముందు చూసుకోండి. ఇల్లైట్, వెర్మిక్యులైట్ రకం బంకమట్టి ఎక్కువున్న నేలల్లో పొటాషియం పొరల మధ్యకు దూరి చిక్కుకుపోతుంది. అలాంటి చోట వెదజల్లకుండా మొక్కల వరసకు దగ్గరగా చాలులో వేయండి.

యూరియా విషయంలో ఒక జాగ్రత్త. యూరియాకు ఆవేశం లేదు, మట్టి దాన్ని పట్టుకోదు. కొద్దిరోజుల్లో అమ్మోనియంగా మారాకే అంటుకుంటుంది, ఆ తర్వాత వెచ్చని నేలలో కొన్ని వారాల్లోనే నైట్రేట్‌గా మారి మళ్లీ జారిపోవడానికి సిద్ధమవుతుంది. ఇసుకనేలలో, అందులోనూ ఉదజని సూచిక ఎక్కువున్న చోట, పైపైన చల్లి వదిలేస్తే అమ్మోనియా గాలిలోకి పోతుంది. 5 సెంటీమీటర్ల లోతున మట్టిలో కలపండి, లేదా చదరపు మీటరుకు 10–15 లీటర్లు పడేలా తేలికపాటి తడి ఇవ్వండి. అంతకన్నా ఎక్కువ వద్దు.

కుండీల్లో పెంచేవారికి: కొబ్బరి పొట్టు సీఈసీ బరువు లెక్కన చూస్తే నల్లరేగడితో పోటీపడేలా కనిపిస్తుంది. కానీ అది చాలా తేలిక. కుండీ పరిమాణం లెక్కన చూస్తే తక్కువే. వారానికోసారి పలచని ఎరువు నీళ్లే దానికి సరి. పైగా కొత్త పొట్టు చోట్లన్నీ పొటాషియం, సోడియంతో నిండి ఉంటాయి. ముందుగా కాల్షియం నైట్రేట్ నీళ్లలో ఒక రోజు నానబెట్టి, మంచినీళ్లతో కడిగి వాడండి. లేకపోతే మీరిచ్చే కాల్షియాన్ని మొక్కకన్నా ముందు పొట్టే లాగేసుకుంటుంది.

9. చోట్లు పెంచడం, ఉన్నవాటిని బాగుచేయడం

సేంద్రియ ఎరువు. 15 సెంటీమీటర్ల లోతున చదరపు మీటరుకు సుమారు 200 కిలోల మట్టి ఉంటుంది. సేంద్రియ పదార్థం ఒక్క శాతం పెరగాలంటే అందులో 2 కిలోల పొడి సేంద్రియ పదార్థం నిలవాలి. తడి, బూడిద పోను కంపోస్టులో మూడో వంతే అది ఉంటుంది, అంటే దాదాపు 6 కిలోల కంపోస్టు. అందులోనూ చాలా భాగం ఏడాదిలోపే కుళ్లి గాలిలో కలుస్తుంది. కాబట్టి ఒక్క సీజన్లో అంకె మారుతుందని ఆశపడకండి. మడులకు సీజనుకు 2–3 కిలోలు క్రమం తప్పకుండా వేయండి. పచ్చిరొట్ట, ఆకుల కప్పు, తక్కువ దుక్కి జతచేయండి. అంతకన్నా ఎక్కువ కంపోస్టు ఏటా వేస్తే భాస్వరం పేరుకుపోతుంది. పచ్చి ఆకులకూ గడ్డికీ ఈ పట్టు చాలా తక్కువ. మాగేకొద్దీ ఆవేశం పెరుగుతుంది.

సున్నం. ఉదజని సూచిక 5.5 లోపు ఉంటే అల్యూమినియం చోట్లు ఆక్రమిస్తుంది. ఒక సెంటీమోల్ అల్యూమినియాన్ని తటస్థం చేయడానికి హెక్టారుకు, 15 సెంటీమీటర్ల లోతుకు, స్వచ్ఛమైన సున్నపురాయి పొడి ఒక టన్ను లెక్క. ఆచరణలో దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పడుతుంది. సూచిక ఒకటే అయినా సీఈసీ 20 ఉన్న నేలకు 4 ఉన్న నేలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సున్నం కావాలి. సూచిక ఒక్కటే చూసి పక్కవాళ్ల మోతాదు వేసేయకండి. ఇసుకనేలలో అది సూచికను ఒక్కసారిగా పైకి తోసి జింక్, ఇనుము లోపాలు తెస్తుంది.

జిప్సం. సోడియం వాటా 15 శాతం దాటితే చౌడు. సీఈసీ 20, సోడియం 4, అంటే 20 శాతం అనుకుందాం. 10 శాతానికి దించాలంటే 2 సెంటీమోళ్లు దింపాలి. ఒక్కో సెంటీమోల్‌కు హెక్టారుకు స్వచ్ఛమైన జిప్సం 1.72 టన్నులు. రెండింటికి 3.44. బస్తాలోని జిప్సం 80 శాతం స్వచ్ఛతైతే 4.3 టన్నులు. ఎకరానికి కావాలంటే 2.5తో భాగించండి. దిగిన సోడియం బయటికి పోవడానికి మురుగు దారి, దాన్ని కడిగే మంచినీరు లేకపోతే జిప్సం వేసి లాభం లేదు. దారి లేని చోట ముందు కాలువ తీయండి.

బెంటొనైట్. ఇసుక మడులకు బంకమట్టి కలపాలనుకుంటే చదరపు మీటరుకు 2 కిలోలు, అంటే ఒక శాతం, కలిపితే సీఈసీ సుమారు 0.8 పెరుగుతుంది. చిన్న మడికి ఫర్వాలేదు, పొలానికి గిట్టదు. కాల్షియం రకమే తీసుకోండి. చెరువుల అడుగు మూయడానికి వాడే సోడియం రకం నీటిదారులు మూసేస్తుంది. పొడిమట్టిలో పొడిగానే కలిపి తర్వాత తడపాలి. తడిమట్టిలో వేస్తే ముద్దలు కట్టి అలాగే ఉండిపోతుంది.

బయోచార్ (గాలి తగలకుండా కాల్చి చేసిన బొగ్గు). కొత్తదానికి పట్టు తక్కువ, నేలలో పాతబడేకొద్దీ పెరుగుతుంది. కంపోస్టుతో కలిపి కొన్ని వారాలు మాగబెట్టి వేయండి.

10. ఫలితం చూసుకోవడం

దఫాలు మార్చిన ఫలితం ముందుగా పైరులో కనిపిస్తుంది. ముదురు ఆకులు దఫాకు దఫాకు మధ్య పాలిపోవడం ఆగిందా చూడండి. ఒక చాలును పాత పద్ధతిలోనే వదిలేస్తే పోల్చడం సులువు. కుండీల్లో అయితే ఎరువు నీళ్లు పోసిన మర్నాడు అడుగున కారిన నీటిలో నైట్రేట్‌ను రంగుతో చూపించే పరీక్ష కాగితం ముంచండి. రంగు ముదురుగా వస్తే మోతాదు ఇంకా ఎక్కువే, సగం చేసి రెండింతలు తరచుగా ఇవ్వండి.

జిప్సం వేసిన చోట ఒక సీజన్ తర్వాత గడ్డ పరీక్ష మళ్లీ చేయండి. మబ్బు తగ్గకపోతే ముందు నీరు ఎంతసేపట్లో ఇంకుతోందో చూడండి, ఆ తర్వాతే ఇంకో బస్తా గురించి ఆలోచించండి. మీ సాగునీటిలోనే సోడియం ఎక్కువైతే దింపినదంతా మళ్లీ ఎక్కుతుంది. నీటిని కూడా పరీక్షకు పంపండి.

సీఈసీని ఏటా కొలవనక్కర్లేదు, మూడేళ్లకోసారి చాలు. అదే నెలలో, అదే లోతున, అదే ప్రయోగశాలలో, అదే పద్ధతిలో చేయించండి. గతసారి 15 సెంటీమీటర్లు, ఈసారి 10 సెంటీమీటర్లు తీస్తే సేంద్రియ పదార్థం ఎక్కువున్న పైపొరే ఎక్కువగా వస్తుంది. నేలలో ఏ మార్పూ లేకపోయినా అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. రెండు రిపోర్టుల మధ్య తేడా ఒక సెంటీమోల్ లోపే ఉంటే దాన్ని మార్పుగా తీసుకోకండి, దఫాలు అలాగే కొనసాగించండి.